గోడ మీది అడవి

మ్యూజియం మూడో గదిలో, గోడ మీదున్న అడవికి తెల్లరంగు కొడుతున్నాడు మేస్త్రి. ఆ గదిలో ఇక కంప్యూటర్లు పెడతారట.

పొద్దున్నుంచీ నిచ్చెన ఎక్కడం, దిగడం. 'ఇక మా వల్ల కాదు' అంటున్నాయి మోకాళ్ళు.

ఆకాశం పోయింది. చెట్లు పోయాయి. పులి తోక కొస కూడా మిగల్లేదు. కింద మూలన, నీళ్ళు తాగుతున్న లేడి ఒక్కటే ఉంది.

"ఆగు నాయనా!"

గుమ్మంలో ఒక పెద్దావిడ. మెట్లెక్కిన ఆయాసంతో తలుపు పట్టుకుని నిలబడింది.

"గది మూసేశారమ్మా. ఇక్కడ చూడ్డానికేం లేదు," అన్నాడు మేస్త్రి.

ఆవిడ కదల్లేదు. తెల్లబడ్డ గోడని ఈ కొస నుంచి ఆ కొసకి చూసింది. చాలాసేపు చూసింది.

"అంతా అయిపోయిందా?"

"ఈ లేడి ఒక్కటీ అయితే నేనూ ఇల్లు చేరతాను. రేపు మళ్ళీ నిచ్చెన ఎక్కే ఓపిక నాకు లేదు."

ఆవిడ చేతిలోని కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. మెల్లగా వచ్చి లేడి ముందు చతికిలబడింది.

"దీని వెనక కాలు తప్పు," అంది. "నీళ్ళు తాగేటప్పుడు లేడి బరువంతా వెనక్కే ఉంచుకుంటుంది, అలికిడైతే దూకడానికి. ఇదేమో కునుకు తీస్తున్నట్టు నిలబడింది."

మేస్త్రికి చిర్రెత్తుకొచ్చింది.

"వంకలు పెట్టడానికేం పెద్దమ్మా! గోడంతా కప్పేశాను గానీ దీని మీద నాకు చెయ్యి ఆడట్లేదు. రోలర్ ఎత్తితే చాలు, ఓరకంట నన్నే కనిపెడుతున్నట్టుంటుంది. గీసినవాళ్ళెవరో గానీ, ఆ చేతులకి దణ్ణం పెట్టాలి."

పెద్దావిడ అతని వంక చూసింది. ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి. రంగు ఘాటు పడలేదు కాబోలనుకున్నాడు.

"ఆ చిన్న బ్రష్ ఇటియ్యి," అంది. "నువ్వు కాసేపు కూర్చో."

కాదనడానికి కూడా ఓపిక లేక, బోర్లించిన బకెట్ మీద కూలబడ్డాడు.

ఆవిడ కంటి దగ్గర మొదలుపెట్టింది. తర్వాత చెవులు, మెడ, వెన్ను. గీత పడకుండా, చుక్క కారకుండా, నిద్రపోయే పిల్లకి దుప్పటి కప్పినట్టు కప్పేసింది.

"రంగులపని చేశారా ఎప్పుడైనా?"

"కొన్నాళ్ళు."

బ్రష్ శుభ్రంగా కడిగి, విదిల్చి, అతని చేతికిచ్చి వెళ్ళిపోయింది.

నిచ్చెన మడుస్తుంటే ఆఫీసు గుమాస్తా రొప్పుతూ వచ్చాడు. గోడని చూసి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"అయ్యో, పూర్తి చేసేశావా! నాకు ఫోన్ ఇప్పుడే వచ్చింది."

"ఏం, ఏమైంది?"

"ఈ గోడ జోలికి పోవద్దని పైవాళ్ళు పొద్దున ఒప్పుకున్నారటయ్యా. ఆ ఆర్డరు పట్టుకుని, నీ పని ఆపించడానికి బొమ్మ గీసినావిడే స్వయంగా బయల్దేరిందట... ఇంకా రాలేదా?"