పంతొమ్మిదో తుయిలామా

"కాలు కాలిన పిల్లిలా ఆ తిరుగుడేమిటండీ? కాసేపు కూర్చోండి!" అంది భార్య మలియా.

లఫాయెలె కూర్చోలేదు. ఎదురుగా గోడల్లేని పెద్దింట్లోకి ఊరి పెద్దలు ఒక్కొక్కరే వచ్చి, స్తంభాలకు చేరగిలబడి కూర్చుంటున్నారు. ఇంకాసేపట్లో అతన్ని పిలుస్తారు. ఒకే ఒక్క ప్రశ్న అడుగుతారు.

తండ్రి పోయి పదకొండు రోజులైంది. ఆయన ఆ వంశపు పెద్ద, పద్దెనిమిదో తుయిలామా. మొదటి తుయిలామా సొరచేప వీపునెక్కి ఈ సవాయి దీవికొచ్చిన రాకుమారుడని కథ. ఆ పేరు దక్కినవాణ్ణి ఆ తర్వాత సొంత పేరుతో పిలవడానికి ఎవరికీ నోరు రాదు. అది పెద్దకొడుకని ఊరికే వచ్చేది కాదు. పోయేముందు తండ్రి ఎవరి పేరు చెబితే వాళ్ళదే. చనిపోయినవాడి ఆఖరి మాట దాటే ధైర్యం ఊళ్ళో ఎవరికీ లేదు.

ఆ మాట విన్నది లఫాయెలె ఒక్కడే. ముసలాయన అందర్నీ బయటికి పంపేసి, కాళ్ళు పడుతున్న తన చెల్లెల్ని కూడా పంపేసి, పెద్దకొడుకుని దగ్గరికి లాక్కుని చెవిలో చెప్పాడు.

"సెమిసి."

తమ్ముడి పేరు!

"మామగారు ఏమన్నారో నాకైనా చెప్పరేం?" అంది మలియా.

"సభలో వింటావుగా. ఏం తొందర?"

"మీరేమో ముప్ఫయ్యేళ్ళుగా అపియా పట్నంలో కొట్టు పెట్టుక్కూర్చున్నారు. ఇక్కడ రోజూ రాళ్ళు కాల్చి, వాటిమీద ఆయనకింత వండిపెట్టింది మీ తమ్ముడు. పేరు అతనికే అంటున్నారంతా."

"అననీ!"

లఫాయెలెకి ఒళ్ళు మండిపోయింది. వండిపెడితే రాకుమారుడైపోతాడా? నలుగురిలో నిలబడి నాలుగు మాటలు చెప్పడం రాదు సెమిసికి. పద్దెనిమిది మంది తుయిలామాల పేర్లూ గుక్కతిప్పుకోకుండా చెప్పగలిగింది తను. ఆ పేరు కోసం చిన్నప్పట్నుంచీ కలలుగన్నదీ తనే. నాన్నకి ఇదంతా తెలియదా?

అంతలో సెమిసే వచ్చాడు. ఒంటినిండా పొగ వాసన. చేతిలో అరిటాకు పొట్లం.

"పొద్దుట్నుంచీ ఏం తినలేదట కదా అన్నయ్యా. చేమదుంపలు, కొబ్బరిపాలు పోసి కాల్చాను. వేడిగా ఉన్నాయి, తిను."

"ఆకలి లేదురా."

"నా గురించి బెంగపెట్టుకోకు. నాన్న ఏమన్నాడో అదే చెప్పు. నీ పేరే అయితే మొదట ఎగిరి గంతేసేది నేనే."

పాపిష్టివాడు, తిట్టినా బాగుండేది. లఫాయెలె పొట్లం అందుకున్నాడు గానీ విప్పలేదు.

పిలుపు వచ్చింది. సభలో అందరూ తాగే కావా పానీయం గిన్నె ముందు సభ పెద్ద కూర్చున్నాడు. ఆయన పక్కనే మేనత్త ఫువాతినో. అన్న తర్వాత చెల్లెలి మాటే శాసనం ఆ వంశంలో. పేరు ఎవరికన్నది చివరికి ఆమె నోటితో రావాల్సిందే.

"లఫాయెలే, దేవుడి ముందున్నావు," అన్నాడు సభ పెద్ద. "మీ నాన్న ఎవరి పేరు చెప్పాడు?"

తమ్ముడు తల వంచుకుని ఆ మూల కూర్చున్నాడు. 'సె' అన్న అక్షరం పెదవుల దాకా వచ్చింది. విన్నవాళ్ళెవరూ లేరు. చచ్చినవాడు లేచి రాడు.

"నా పేరే," అన్నాడు.

సభలో గుసగుసలు లేచాయి. సెమిసి మొహం విప్పారింది. మేనత్త మాత్రం కదల్లేదు.

"ఇంకోసారి చెప్పరా నాయనా," అంది. బతిమాలుతున్నట్టుంది ఆ గొంతు.

"నా పేరే అత్తా. నా చెవిలోనే చెప్పాడు."

ఆమె అరచేత్తో కళ్ళొత్తుకుంది.

"అన్నయ్య నన్ను బయటికి పంపేముందు ఒక మాట చెప్పాడు."

"ఏమనమ్మా?" అన్నాడు సభ పెద్ద.

"వీడు తమ్ముడి పేరు చెబితే, వీడికే ఇమ్మన్నాడు."