నోట రాని ప్రార్థన

కూతురు మందులు తీసుకుని వార్డులోకి వచ్చేసరికి తల్లి మంచం దగ్గర ఎవరో ఉన్నారు.

నడివయసు ఆవిడ. తడిగుడ్డతో తల్లి పాదాలు తుడుస్తోంది. పెదవులు కదులుతున్నాయి.

"ఎవరండీ మీరు?" కూతురి గొంతు కాస్త గట్టిగానే లేచింది.

"ఎవరైతే ఏంలేమ్మా. ఇంట్లో ఊరికే కూర్చోలేకపోతున్నాను. ఈవిడకి కాస్త తుడిచి వెళ్తాను."

మళ్ళీ పాదాల మీదకి వంగింది.

"ప్రభువా, ఈ మడమలు మళ్ళీ నేల తొక్కాలి."

కూతురు మందులు బల్ల మీద పెట్టి, పక్కకి జరిగి చోటిచ్చింది.

చర్చి నుంచి నడిచి వస్తున్న తల్లిని, ఎర్రలైటు దాటి దూసుకొచ్చిన మోటార్‌సైకిల్ గుద్దేసింది. ఆనాటి నుంచి తల్లి కళ్ళు తెరవలేదు. కూతురు చర్చి గడప తొక్కలేదు. తను మానేసిన ప్రార్థన ఎవరో వచ్చి చేసిపెడుతుంటే వద్దనడం ఎలా?

ఆవిడ రోజూ వచ్చేది. జుట్టు చిక్కు తీస్తూ ప్రార్థన. గోళ్ళు కత్తిరిస్తూ ప్రార్థన. పక్కకి తిప్పి వీపుకి పౌడరు అద్దుతూ, "పుండు పడనీకు ప్రభువా" అని ప్రార్థన.

వార్డంతా కలిసి ఆవిడకి 'ఆమెన్ పిన్ని' అని పేరు పెట్టేసింది.

"ఈ పిన్నికి నోరు దేవుడి దగ్గర, చెయ్యి పని దగ్గర. మా కోడలికి నోరొక్కటే," అంది పక్క మంచం ముసలామె.

చాలా రోజుల తర్వాత కూతురు నవ్వింది.

పిన్నిని చర్చివాళ్ళే పంపి ఉంటారనుకుంది. పిన్ని ఉన్నంతసేపూ నిశ్చింతగా బెంచీ మీద నడుం వాల్చేది.

ఒక మధ్యాహ్నం డాక్టరు వచ్చి చూశాడు.

"జ్వరం దిగకపోతే కష్టమమ్మా. మీ వాళ్ళెవరైనా ఉంటే పిలిపించుకోండి."

ఆయన వెళ్ళాక కూతురు గోడకి ఆనుకుని అలాగే నిలబడిపోయింది. ఉన్నట్టుండి పిన్ని వైపు తిరిగింది.

"మీ మాట దేవుడు వింటాడుగా పిన్నీ? నా కోసం ఒక్క ప్రార్థన చెయ్యండి. ఆ బండి నడిపినవాడు అక్కడికక్కడే చచ్చి సుఖపడ్డాడు. వాడికి నరకంలో కూడా నీడ దొరక్కూడదని అడగండి."

పిన్ని చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"అది నా నోట రాదమ్మా."

"ఎందుకు రాదు?"

"రాదు తల్లీ."

"ఎలా వస్తుంది లెండి! మీకేం పోయింది గనక? గట్టున కూర్చున్నవాళ్ళు ఎన్ని నీతులైనా చెబుతారు. రేపట్నుంచి రాకండి. మీ ఆమెన్లు మాకొద్దు."

పిన్ని గుడ్డ పిండి మంచం ఊచ మీద ఆరేసింది. తల్లి పాదాల మీదకి దుప్పటి లాగి వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి రాలేదు.

తర్వాత మెల్లగా జ్వరం దిగింది. ఇంకొన్నాళ్ళకి తల్లి కళ్ళు తెరిచింది.

గొంతు పెగలగానే అడిగింది. "ఆవిడేదే? నా కాళ్ళ దగ్గర కూర్చుని ప్రార్థన చేసేది... ఆ గొంతు పట్టుకునే వచ్చానే నేను."



ఆదివారం చర్చికి వెళ్ళి పాస్టరుగారిని అడిగింది.

"మేమెవరినీ పంపలేదమ్మా," అన్నారాయన.

పరుగున వచ్చి వార్డులో నర్సుని పట్టుకుంది.

"సిస్టర్, ఆమెన్ పిన్ని ఇల్లెక్కడో మీకేమైనా తెలుసా? కాళ్ళ మీద పడైనా తీసుకొచ్చుకుంటాను."

నర్సు చేతిలో ట్రే కింద పెట్టింది.

"ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయిందమ్మా. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు."

"ఆవిడ మీకు ముందే తెలుసా?"

"నీకు మాత్రం చెప్పొద్దని చేతులు పట్టుకుని బతిమాలింది. ఇంక దాచి ఏం లాభంలే."

నర్సు గొంతు తగ్గించింది.

"మీ అమ్మని తెచ్చిన రోజే, అదే అంబులెన్సులో వచ్చిన శవాన్ని గుర్తుపట్టడానికి వచ్చిందమ్మా, ఆ మోటార్‌సైకిల్ అబ్బాయి ఆవిడ కొడుకు."