చేలో దిగిన విమానం

వానలు మొహం చాటేసిన 2002లో, మిగిలిన నాలుగు కాయలైనా పందుల పాలు కాకూడదని ఓబుళేసు రాత్రంతా వేరుశనగ చేనుకు కాపలా కాస్తున్నాడు.

అతని మంచె మీదుగా ఒక చిన్న విమానం, ఇంజను చప్పుడు లేకుండా దూసుకొచ్చింది.

పుట్టపర్తిలో దిగవలసింది. నాలుగు మైళ్ల ఇవతలే నేలను తాకింది. గట్టుకు కొట్టుకుని చక్రాలు ఊడిపోయాయి. ఒక రెక్క విరిగింది. ముక్కు మట్టిలో దిగబడింది.

ఓబుళేసు లాంతరు పట్టుకుని పరుగెత్తాడు.

"లాంతరు ఆర్పవయ్యా! పెట్రోలు కారుతోంది!" విమానం దగ్గర్నుంచి ఒక మగ గొంతు అరిచింది.

చప్పున ఆర్పేశాడు.

వెన్నెల్లో తెల్లబట్టల మనిషి ఒకడు, స్పృహలేని పైలట్‌ను చంకల కింద పట్టుకుని ఈడ్చుకొస్తున్నాడు. గట్టు అవతల పడుకోబెట్టి తనూ కూలబడ్డాడు.

"లోపల డాక్టరమ్మ ఉంది. కాలు సీటు కింద ఇరుక్కుంది. వెళ్లు."

"ఒక్కన్నే నేనేం జేసేదప్పా? నువ్వూ రా!"

"ఒక్క నిమిషం... ఊపిరి తీసుకోనీ."

లోపల ఆడమనిషి మూలుగుతోంది. పెట్రోలు వాసన గుప్పుమంటోంది. ఓబుళేసుకు ఒళ్లు మండిపోయింది.

"ఆయమ్మ ఆడ సస్తాంటే నువ్వు ఈడ కూచోని ఉండావే! మగోనివేనా? లెయ్యి!"

ఆ మనిషి అతని ముఖంలోకి ఒకసారి చూశాడు. లేచాడు.

ఇద్దరూ లోపలికి దూరారు. అతను సీటు కింద భుజం పెట్టి ఎత్తాడు. పళ్లు పటపటమన్నాయి. ఓబుళేసు డాక్టరమ్మను బయటికి లాగాడు.

చెరోవైపు మోసుకుని గట్టు దాటారో లేదో, వెనక విమానం భగ్గుమంది.

చేనంతా ఎర్రబడింది.

"బతికినాం పోప్పా!" అంటూ ఓబుళేసు అతని వీపు తట్టాడు.

అతను పక్కకు ఒరిగిపోయాడు.

"అప్పా! ఓ అప్పా!"

పలకలేదు.

డాక్టరమ్మ విరిగిన కాలును ఈడ్చుకుంటూ పాకి వచ్చింది. అతని రొమ్ము మీద రెండు చేతులూ వేసి అదిమింది. అదిమి అదిమి, చివరికి చేతులు తీసేసింది.

"దెబ్బ యాడా కానరాలేదే తల్లీ!" ఓబుళేసు అతని ఒళ్లంతా తడిమాడు. "ఈయప్ప మీ ఆసుపత్రి మనిషేనా?"

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది.

"మంచం దిగి నాలుగడుగులు వేసినా గుండె ఆగిపోతుందని చెప్పి, ఆపరేషన్‌కు మేము తీసుకొస్తున్న రోగి ఆయనే."