సేఫ్ మోడ్‌లో విచారణ

యజమానురాలు వచ్చి కుర్చీలో కూర్చున్నారో లేదో, మేనేజర్ గారి కంప్యూటర్ మొరాయించింది.

మేనేజర్ గారు మౌస్‌ని కదిపారు. కుదిపారు. బల్లకేసి కొట్టారు కూడా. తెర మీద చక్రం మాత్రం తిరుగుతూనే ఉంది.

"ఇది ఈ ఏడాది కొన్నదేగా?" అన్నారావిడ. ఆవిడది ఫ్లోర్ టైల్స్ కంపెనీ. ఇది దాని బ్రాంచి ఆఫీసు.

"రోజూ సాయంత్రం అయ్యేసరికి ఇదే వరస మేడమ్. వస్తువు మంచిదే. మనుషులే..." అంటూ మేనేజర్ గారు గాజు తలుపు అవతలికి గుర్రుగా చూశారు.

అవతల డిజైనర్ అమ్మాయి తల వంచుకుని టైల్స్ మీదకి పువ్వులు గీస్తోంది. నిజానికి ఈ కొత్త కంప్యూటర్ వచ్చింది ఆ అమ్మాయి కోసమే. పాతదాని మీద రంగులు సరిగా తెలియడం లేదని ఏడాదిపాటు మొత్తుకుంటే కొన్నారు. వారం తిరక్కుండానే ఆ పెద్ద తెర మీద మేనేజర్ గారి మనసు పడింది. తన పాతది ఆమెకి అంటగట్టి, దీన్ని తన గదిలోకి మోయించుకున్నారు. పెద్ద పదవికి పెద్ద తెర ఉండాలి మరి!

మెకానిక్‌కి కబురు వెళ్ళింది. అతను వచ్చి బల్ల కిందకి దూరాడు. కింద కొరియర్ పెట్టెలు గుట్టగా పడి ఉన్నాయి.

"ఈ మెడ దిండూ, నడుం బెల్టూ పక్కకి జరపనా సార్?"

"ఆఫీసు సామానయ్యా, జాగ్రత్త," అన్నారు మేనేజర్ గారు చప్పున.

మెకానిక్‌కి చేతులూ నోరూ కలిసే ఆడతాయి. "దీన్ని ముందు సేఫ్ మోడ్‌లో లేపుతా సార్. అంటే బతకడానికి తప్పనిసరైనవే లేస్తాయి. మిగతావన్నీ పడుకునే ఉంటాయి. అలా బాగా నడిచిందంటే యంత్రానికి ఏ రోగమూ లేనట్టే. తర్వాత ఎక్కించిన వాటిలోనే ఏదో దీన్ని పీక్కు తింటున్నట్టు. అప్పుడు ఒక్కోదాన్నీ లేపి చూస్తే దొంగ దొరుకుతాడు."

మేనేజర్ గారి ముఖం వెలిగిపోయింది. "విన్నారా మేడమ్! మన ఆఫీసుకి కావలసింది కూడా ఈ వైద్యమే."

కంప్యూటర్ సేఫ్ మోడ్‌లో లేచింది. నల్లటి తెర, లావుపాటి అక్షరాలు, మోటు బొమ్మలు. చూడ్డానికి పేదగా ఉంది కానీ చెప్పిన మాట వింటోంది. మెకానిక్ ఒక్కో ప్రోగ్రామ్‌నీ పరీక్షకి నిలబెట్టే పనిలో పడ్డాడు.

ఈలోగా మేనేజర్ గారు ఫోన్ తీశారు. డిజైనర్ మీద ఆయనకి మొదటినుంచీ అనుమానమే. అంత నిశ్శబ్దంగా పనిచేసేవాళ్ళని నమ్మకూడదని ఆయన సిద్ధాంతం. అందుకే ఎవరికీ తెలియకుండా ఓ నిఘా ప్రోగ్రామ్ పెట్టారు. దానికి 'డిజైనర్' అని పేరు కూడా పెట్టారు. అది రోజూ సాయంత్రం ఆయన ఫోనుకి రిపోర్టు పంపుతుంది. ఆ కుర్చీ ఖాళీ అయితే కూర్చోడానికి ఆయన బావమరిది ఇంట్లో సిద్ధంగా ఉన్నాడు. అతనికి గీయడం రాదు. కూర్చోవడం బాగా వచ్చు.

"వినండి మేడమ్. పొద్దున్నంతా పేకాట. ఆ తర్వాత షాపింగ్. భోజనం అయ్యాక రెండు గంటలు మౌస్ అంగుళం కదల్లేదు. అంటే నిద్ర! ఒక్కరోజు కాదు, నెలల తరబడి ఇదే."

"నేనెప్పుడొచ్చినా తల వంచుకుని గీస్తూనే ఉంటుందే?"

"అదేగా నటన! చెయ్యి పువ్వు మీద, మనసు పేక మీద."

"మరి కొత్త డిజైన్లన్నీ ఎలా వచ్చాయి?"

మేనేజర్ గారు సిగ్గుపడ్డారు. "ఏదో, నా సలహాలూ అవీ..."

అమ్మాయిని పిలిచారు. విషయం వినేసరికి ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నాకు పేకాటే రాదు మేడమ్," అంది. "ఇంట్లో సంపాదించేదాన్ని నేనొక్కదాన్నే. పని మానేసి ఆడుకునే ధైర్యం నాకెక్కడిది?"

"దొరికినవాళ్ళందరూ చెప్పేది ఇదేనమ్మా," అన్నారు మేనేజర్ గారు జాలిగా. "మన కళ్ళు మనల్ని మోసం చేస్తాయి కానీ యంత్రం చెయ్యదు. అవునా మేడమ్?"

పాపం, ఆ అమ్మాయి దగ్గర కన్నీళ్ళు తప్ప సాక్ష్యం లేదు. తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

యజమానురాలు ఫోన్ తీసుకుని, కళ్ళజోడు సర్దుకుని రిపోర్టులన్నీ వేలితో జరుపుతూ చూశారు. చూస్తున్నకొద్దీ ఆవిడ పెదాలు బిగుసుకున్నాయి.

"యంత్రం అబద్ధం ఎందుకు చెప్తుందిలే," అన్నారు చివరికి.

"ఆ మాటేదో అందరి ముందూ చెప్పండి మేడమ్. మిగతావాళ్ళకి భయం ఉంటుంది," అని మేనేజర్ గారు తలుపులు బార్లా తెరిచి స్టాఫ్‌నంతా పిలిచారు.

ఆవిడ లేచి నిలబడ్డారు. "ఈ రిపోర్టుల్లో ఉన్న మనిషికి నేను ఇంక ఒక్క రోజు జీతం కూడా ఇవ్వను. రేపటి నుంచి ఈ గడప తొక్కడానికి వీల్లేదు. ఇందులో ఇంకో మాట లేదు."

"లేదు మేడమ్, ఇంకో మాటే లేదు," అన్నారు మేనేజర్ గారు, ఆనందం ఆపుకోలేక.

పెద్ద తెర వెనక నుంచి మెకానిక్ తల బయటికొచ్చింది.

"దొంగ దొరికాడు సార్! అట్టపెట్టెలోంచి తీసిన రోజునే ఎవరో ఇందులో 'డిజైనర్' అని ఓ నిఘా ప్రోగ్రామ్ ఎక్కించారు, అప్పట్నుంచీ ఈ కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్ళు ఏం చేస్తున్నారో రోజూ సాయంత్రం మీ ఫోనుకే పంపుతోంది, తీసెయ్యమంటారా?"