అటు తిరగండి

“ఇందులో ఉన్నది చెరిపేసి, ఉచితంగా దొరికే లినక్స్ వేస్తా,” అంటూ మా ఆయన నా కొత్త ల్యాప్‌టాప్‌కి పెన్‌డ్రైవ్ గుచ్చాడు.

“షాపులో వేసిచ్చిన విండోస్ ఉందిగా. కుట్టుపాఠాలు చెప్పుకోవడానికి నాకదే చాలండీ.”

“ఇంట్లో నన్ను పెట్టుకుని షాపువాణ్ని నమ్ముతావా? వెన్న చేత పట్టుకుని నెయ్యికి ఏడ్చినట్టుంది నీ వరస. లినక్స్ అంటే తెరిచిన పుస్తకం. దాపరికం ఉండదు.”

సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛ గురించి ఆయన మొదలుపెడితే ఇంటికొచ్చిన చుట్టాలు చెప్పులు వెతుక్కుంటారు. ఈసారి నేను మాత్రం లేవలేదు. కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నాను.

చెరిపేసే ముందు అది భాష అడిగింది, కీబోర్డు అడిగింది. తర్వాత పాస్‌వర్డ్ అడిగింది. నన్నొక్క మాటైనా అడక్కుండా ఆయన వేళ్లు కదిలాయి. నా ఫోన్‌కీ, నా మెయిల్‌కీ పాస్‌వర్డ్ పెట్టింది కూడా ఆ వేళ్లే.

ల్యాప్‌టాప్‌ని నా వైపు తిప్పుకున్నాను.

“సరే, మీ లినక్సే వేసుకుందాం. పాస్‌వర్డ్ మాత్రం నేను పెట్టుకుంటా. మీరు కాస్త అటు తిరగండి.”

ఆయన తిరగలేదు.

“పోనీలే, విండోసే ఉంచుకో,” అంటూ పెన్‌డ్రైవ్ పీకేశాడు. అంతలోనే ఏదో గుర్తొచ్చినట్టు, నవ్వుతూ అడిగాడు.

“ఇంతకీ షాపులో దానికి ఏం పాస్‌వర్డ్ పెట్టించుకున్నావ్?”