ఒంటి ముడి

ఎండాకాలం సెలవుల్లో నల్లగొండ బడి హాల్లో నాలుగు బల్లలు వేశారు. వాటి మీద పెట్టడానికి మాత్రం ఏమీ లేదు.

లెక్కల సారు రాములుకు అదే దిగులు. ఈ జిల్లాలో పుట్టి, కలకత్తా పోయి, లెక్కలు చేసే యంత్రం తయారుచేసిన వాళ్లలో ఒకడైన బీరప్ప చనిపోయి ఏడాదైంది. ఆయన జ్ఞాపకంగా ఎగ్జిబిషన్ పెడతానని రాములు నలుగురిలో మాటిచ్చాడు. రెండు రోజుల్లో కలెక్టరు వస్తాడు. చేతిలో ఉన్నది ఒక్క ఫొటో. కలకత్తాకు రాసిన ఉత్తరానికి జవాబే లేదు.

అప్పుడొచ్చింది ముసలమ్మ. మర్రిగూడ ఫ్లోరైడ్ నీళ్లకు నడుము వంగిపోయి తల ఎత్తలేకపోతోంది. మెడ పక్కకు తిప్పి ఫొటోను చాలాసేపు చూసింది. కొంగులోంచి ఉన్ని తాడు తీసి బల్ల మీద పెట్టింది. నాలుగు మూరల తాడుకు ఒకే ఒక్క ముడి.

"ఫొటో పెడుతున్నరని ఇన్న సారూ. గీయన కోసమే తెచ్చిన."

రాములుకు ఒళ్లు మండింది. బతికుండగా బీరప్ప పేరెత్తినవాడు లేడు. ఫొటోకు మేకు కొట్టేసరికి, పొద్దటి నుంచి ముగ్గురు చుట్టాలు పుట్టుకొచ్చి కలెక్టరు పక్కన కుర్చీ అడిగిపోయారు. నువ్వెవరని ఆమెను అడగనైనా లేదు. ఫొటో వేలాడదీయడానికి తాడు దొరికింది, అంతే చాలనుకున్నాడు. ముడి ఫ్రేము రింగులో దూరలేదు. పంటితో పట్టి లాగాడు.

"ముడి ఇప్పకు సారూ. వచ్చినంకనే ఇప్పాలె."

యాదగిరిగుట్ట నరసింహస్వామికి మొక్కి వేసిన ముడి కాబోలనుకున్నాడు.

"మొక్కులుంటే గుట్టకు పోయి తీర్చుకో అవ్వా."

ముడి ఊడింది. ఫొటో గోడకెక్కింది. దానికి దండ వేశాడు.

"దండెందుకు సారూ?"

"పోయినోనికి దండ వెయ్యరా? గాయన చచ్చి ఏడాదాయె."

ముసలమ్మ పోయి గడప మీద కాసేపు కూర్చుంది. ఎప్పుడు లేచి వెళ్లిందో రాములు చూడలేదు.

ఎగ్జిబిషన్ రోజు పొద్దున్నే కలకత్తా నుంచి పార్సెల్ వచ్చింది. రాములుకు ప్రాణం లేచొచ్చినట్టయింది. చప్రాసీ ఐలేశం బల్లలు తుడుస్తూ, మొన్నటి గూని అవ్వ నార్కట్‌పల్లి బస్సుల దగ్గర ప్రాణం విడిచిందనీ, తన వాళ్లెవరూ రాకపోతే హోటలోళ్లే మట్టి చేశారనీ చెప్పాడు. రాములు అయ్యో పాపం అంటూనే పార్సెల్ సుతిలి కోశాడు.

లోపల పాత నోటుబుక్కు. బీరప్ప చేతిరాత, తెలుగులోనే ఉంది. నిలబడే చదివాడు.

"తల్లి లేని నన్ను సాకిందీ, లెక్క నేర్పిందీ మా అక్క బీరమ్మ. పొద్దున మంద బయల్దేరేటప్పుడు తాడుకు గొర్రెకొక ముడి వేసేది. మాపటికి దొడ్లోకి వచ్చిన గొర్రెకల్లా ఒక ముడి విప్పేది. ముడి ఉంది, ముడి లేదు. నా యంత్రం ఎంత లెక్కైనా ఆ రెండింటితోనే చేస్తుంది. నా పేరున ఎవరైనా ఏదైనా చూపదలిస్తే అక్క తాడు చూపించండి."

బయట కలెక్టరు జీపు ఆగింది. రాములు పేజీ తిప్పాడు.

"నేను ఇల్లు విడిచిన రోజు అక్క దానికి నా పేరున ఒక ముడి వేసింది, నేను తిరిగి వచ్చేదాకా దాన్ని ఎవరినీ విప్పనివ్వదు."