బావిలో నురగ

“మట్టి గంజిలా జారుతోంది,” అన్నాడు తెత్సురో, బూట్ల తాళ్ళు బిగిస్తూ. “యంత్రం మట్టిలోకి చిమ్మే నురగ సరిగ్గా కలిస్తే పిండిముద్దలా రావాలి. అప్పుడే సొరంగంలోకి నీళ్ళు రాకుండా ఆగుతాయి.”

సయోకో పొయ్యి మీద మరుగుతున్న సోయా పాల నుంచి నురగ తీసి బకెట్లో వేస్తోంది. అప్పటికే బకెట్ నిండింది. పెళ్ళయి నలభై రోజులు. టోఫు కొట్టు ఆమెది. ఒసాకా నేల కింద సొరంగం తవ్వే యంత్రం మీద పని అతనిది. ఈ వారం ఆ యంత్రం సరిగ్గా వాళ్ళ వీధి కిందే ఉంది.

“ఆపమని చెప్పండి మరి.”

“చెప్పాను. కొత్త పెళ్ళికొడుక్కి చెమట చుక్క కూడా వరదలా కనిపిస్తుందన్నారు మా సూపర్‌వైజర్ హమానో గారు. అందరూ నవ్వారు.”

“నవ్వితే నీళ్ళు ఆగుతాయా?”

“మా నురగ నేలలోంచి పైకి తన్ని ఎవరి బావిలోనైనా తేలితే తప్ప యంత్రం ఆపరు. అది రూలు.” అన్నం డబ్బా అందుకుని, ఆమె ముక్కుకంటిన సోయా చుక్క తుడిచాడు. “ముల్లంగి పచ్చడి నాకు కాస్త దాచు. అంతా నువ్వే తినేయకు.”

అతను మలుపు తిరిగేదాకా ఆమె గుమ్మంలోనే నిలబడింది. కాసేపటికి గిన్నెలో నీళ్ళు సన్నగా వణికాయి. యంత్రం మొదలైంది.

పదింటికి, బావులున్న ఇళ్ళకు సైటువాళ్ళు ఇచ్చిన నంబరుకి ఫోన్ చేసింది.

“మా పెరటి బావిలో... నురగ. నిండా నురగ.”

“ఎంతసేపటి నుంచండీ?”

“ముందు ఆపండి.”

కాసేపటికి గిన్నెలో నీళ్ళు నిశ్చలమయ్యాయి. ఆమె వెళ్ళి గుమ్మంలో నిలబడింది.

గంట గడిచింది. ఎవరూ రాలేదు. రెండో గంట గడుస్తుండగా, నడుం దాకా బురదతో హమానో వచ్చాడు. వెనకే తెత్సురో. అతన్ని చూశాకే ఆమెకు ఊపిరి ఆడింది.

హమానో హెల్మెట్ తీసి, నడుం వంచి నమస్కరించాడు. “అమ్మా, మీ ఫోనే మమ్మల్ని బతికించింది. ఆపి చూస్తే నాలుగు నురగ గొట్టాల్లో మూడు పూడుకుపోయి ఉన్నాయి. ఇంకో మీటరు తవ్వి ఉంటే నీళ్ళు మా మీద పడేవి.” తెత్సురో వైపు తిరిగాడు. “నీ మాట వినాల్సిందిరా.”

బావి దగ్గరికి వెళ్ళి తొంగిచూశాడు. నీళ్ళ మీద నురగ ఇంకా తెల్లగా తేలుతోంది. తల గోక్కున్నాడు.

“ఒక్కటే అర్థం కావడం లేదు. మా గొట్టాలే పూడుకుపోతే, ఇంత నురగ ఇక్కడికి ఎలా వచ్చింది?”

“భోంచేసి వెళ్ళండి, ముల్లంగి పచ్చడి ఉంది,” అంది సయోకో గబగబా.

తెత్సురో వంటింట్లోకి చూశాడు.

పొయ్యి పక్కన బకెట్ ఖాళీగా ఉంది.